పొలంలో తాబేలు బతకాలంటే: విశాఖ రైతు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు రెండు మూడెకరాల తోట ఉన్నవాళ్లు ఈ మధ్య తరచుగా ఒక మాట అడుగుతున్నారు. "పొలంలో తాబేళ్లు పెంచాలని ఉంది, ఎలా మొదలుపెట్టాలి?" అడిగేవాళ్లలో చాలామందికి వాటిమీద నిజమైన ప్రేమే. కాబట్టి జవాబు ముందే చెప్పేస్తాను. మన దేశపు తాబేలును పట్టి తెచ్చి, గూడు కట్టి, మేత వేసి పెంచడానికి చట్టం ఒప్పుకోదు. కానీ మన పొలాన్ని తాబేలు తనంతట తాను వచ్చి, తిని, గుడ్లు పెట్టి, పిల్లల్ని చేసుకునే చోటుగా మార్చుకోవచ్చు. దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఖర్చు కూడా తక్కువే. కావలసిందల్లా పొలం పనులు చేసే తీరులో కొన్ని మార్పులు, వాటిని ఏటా పాటించే ఓపిక.

అందుకే ఈ మార్గదర్శిలో పంజరం కొలతలు ఉండవు. నుయ్యి, కంచె, కుంట, గట్టు, నిప్పు, దుక్కి గురించే ఉంటుంది. పొలాల్లో తాబేళ్లు చచ్చిపోయేది వీటి దగ్గరే, వాటిని బతికించగలిగేదీ వీటి దగ్గరే.

మొదటి అడుగు: చట్టం ఏం చెబుతుందో తెలుసుకోండి

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు. ఆ మార్పులు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. అంతకుముందు నాలుగో షెడ్యూల్లో ఉన్న నక్షత్ర తాబేలు ఇప్పుడు మొదటి షెడ్యూల్లో, అంటే పులి, ఏనుగు ఉన్న జాబితాలో ఉంది. చెరువుల్లో కనిపించే ఫ్లాప్‌షెల్ నీటి తాబేలు చాలా ఏళ్లుగా ఆ జాబితాలోనే ఉంది. ఈ షెడ్యూల్లోని జంతువును పట్టినా, చంపినా, అమ్మినా, కొన్నా కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్లు జైలుశిక్ష పడుతుంది. జరిమానా 25 వేల రూపాయలకు తగ్గదు. ప్రేమగా సాకుతున్నామన్నా ఇంట్లో ఉంచుకోవడం కుదరదు.

"వాస్తు కోసం ఒక్క తాబేలు చాలు" అంటూ నక్షత్ర తాబేలు పిల్లల్ని అమ్మజూపేవాళ్లు ఉన్నారు. దయచేసి కొనకండి. ప్రపంచంలో అక్రమ రవాణాలో అత్యధికంగా పట్టుబడే తాబేలు ఇదే. చెన్నై లాంటి ఎయిర్‌పోర్టుల్లో సూట్‌కేసుల నిండా దొరుకుతున్నాయి. విశాఖ మీదుగా హౌరా వైపు వెళ్లే రైళ్లలోనూ సంచుల్లో కుక్కి తరలిస్తుంటే పట్టుబడ్డాయి. వీటి అంతర్జాతీయ వ్యాపారాన్ని ఆపడానికి 2019లో సైటిస్ ఒప్పందం కింద అత్యున్నత రక్షణ జాబితాలో చేర్చారు. మనం కొన్న ఒక్క పిల్ల వెనక దారిలో ఊపిరాడక చనిపోయినవి ఎన్నో ఉంటాయి. కూర్మావతారం మీద భక్తి ఉంటే శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మం వెళ్లి దండం పెట్టుకుని రండి. ఆ గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లనూ చూడొచ్చు.

ఇప్పటికే ఇంట్లో నక్షత్ర తాబేలు ఉంటే దాచిపెట్టడం వల్ల చిక్కులు పెరుగుతాయే తప్ప తగ్గవు. దగ్గరి అటవీ రేంజి ఆఫీసుకు గానీ, కంబాలకొండ పక్కనున్న ఇందిరాగాంధీ జూ పార్కుకు గానీ కబురు చేసి అప్పగించడం మంచిది. పాపం పోతుందని తీసుకెళ్లి కొండలో వదిలేయకండి. ఇంట్లో పెరిగిన తాబేలు ముక్కు కారే జబ్బులాంటివి మోసుకెళ్లి అడవిలో ఉన్నవాటికి అంటిస్తుంది. పైగా చిత్తూరు వైపు తాబేలు, గుజరాత్ తాబేలు ఒకటి కావు. ఏ ప్రాంతంలో వదలాలో, అసలు వదలొచ్చో లేదో తేల్చాల్సింది నిపుణులు.

సల్కాటా లాంటి ఆఫ్రికా తాబేళ్లను పెంచుకునేవాళ్లూ ఉన్నారు. సైటిస్ జాబితాలో ఉన్న విదేశీ జంతువు చేతిలో ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ నడిపే పరివేష్ పోర్టల్లో నమోదు చేయించడం తప్పనిసరి. అది పుట్టినా, చచ్చినా, వేరేవాళ్లకు ఇచ్చినా తెలియజేయాలి. ఇక అక్వేరియం షాపుల్లో చెవి దగ్గర ఎర్ర చారతో, అరచేతిలో పట్టేంత ఉండే ఆకుపచ్చ పిల్లలు అమెరికా జాతివి. పెద్దయ్యాక సాకలేక వాటిని చెరువులో వదిలేస్తుంటారు. అది ఎంతమాత్రం చేయకూడదు. అవి మన నీటి తాబేళ్ల మేతనూ, ఎండకాగే చోట్లనూ ఆక్రమించేస్తాయి.

రెండో అడుగు: ఏ తాబేలో గుర్తుపట్టండి

ఇది చాలా ముఖ్యం. గుర్తుపట్టకుండా చేసిన సాయం కూడా ప్రాణం తీస్తుంది.

మన చెరువులు, గెడ్డలు, వరి మళ్లలో ఎక్కువగా తారసపడేది ఫ్లాప్‌షెల్ నీటి తాబేలు. దీని డిప్ప గట్టి పలకల్లా కాక నున్నగా, తోలు కప్పినట్టుగా, బల్లపరుపుగా ఉంటుంది. ముక్కు చిన్న గొట్టంలా ముందుకు సాగి ఉంటుంది. కిందివైపు వెనక కాళ్ల దగ్గర రెండు తోలు రెక్కలుంటాయి. భయపడితే కాళ్లు లోపలికి లాక్కుని వాటితో మూసేసుకుంటుంది. నత్తలు, కప్పలు, చేపలు, నీటి మొక్కలు, చచ్చి తేలిన జీవాలు అన్నీ తింటుంది. చచ్చినవాటిని తినేస్తుంది కాబట్టి చెరువు నీరు కుళ్లకుండా కాపాడుతుంది. ఎండాకాలం చెరువు ఎండితే బురదలోకి దిగి, వానలొచ్చేదాకా అందులోనే ఉండిపోతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే, పూడిక తీసేటప్పుడు ఏం చేయాలో మీకే తడుతుంది.

రెండోది నల్ల నీటి తాబేలు. గట్టి డిప్ప మీద పొడవునా మూడు గీతలు గట్టుల్లా పైకి లేచి ఉంటాయి. రంగు నలుపు, ముదురు గోధుమ. నీటిలో ఉంటుంది, దుంగ మీదకో రాయి మీదకో ఎక్కి ఎండ కాగుతుంది.

మూడోది నక్షత్ర తాబేలు. ఎత్తైన గుండ్రటి డిప్ప. నల్లటి ప్రతి పలక మధ్యలోంచి పసుపు చారలు చుట్టూ విచ్చుకుని ఉంటాయి. కాళ్లు ఏనుగు కాళ్లలా మొద్దుగా ఉంటాయి, వేళ్ల మధ్య చర్మం ఉండదు. ఇది మెట్టనేల జీవి. ముళ్ల పొదలు, గడ్డి నేలలు దీని ఇల్లు. రాయలసీమ మెట్టల్లో దీని పేరు బాగా తెలుసు. విశాఖ చుట్టుపక్కల కనిపిస్తే అది అక్కడిదే కావచ్చు, ఎవరి ఇంటినుంచో తప్పించుకున్నదీ కావచ్చు. కాబట్టి ఫొటో తీసి అటవీ సిబ్బందికి చూపించండి.

నక్షత్ర తాబేలుకు ఈత రాదు. "తాబేలు కదా" అని జాలిపడి గుడి కోనేట్లోనో, కుంటలోనో దాన్ని విసిరేస్తే మునిగి చచ్చిపోతుంది. ఏ తాబేలో తేల్చుకోలేకపోతే కాళ్లు చూడండి. వేళ్ల మధ్య బాతుకు ఉన్నట్టు చర్మం ఉంటే నీటిది, స్తంభంలా మొద్దుగా ఉంటే మెట్టది. అయినా అనుమానం తీరకపోతే నీటి ఒడ్డున నేలమీదే పెట్టండి. నీటిదైతే అదే దిగుతుంది.

మూడో అడుగు: పొలంలోని ఉచ్చులను వెతికి పట్టుకోండి

ఒక రోజు పొద్దున్నే పొలం చుట్టూ నడవండి. తాబేలు ఎత్తులో, అంటే నేలకు జానెడు పైనుంచి చూడండి. అందులో పడితే తిరిగి పైకి రాలేనిది ఏదైనా దానికి ఉచ్చే.

నేల నుయ్యి అందులో మొదటిది. గట్టు లేని పాత నూతుల్లో తాబేళ్లు పడితే గోడ నిటారుగా ఉంటుంది కాబట్టి ఎక్కలేవు. నుయ్యి చుట్టూ అడుగున్నర ఎత్తు గట్టు కట్టిస్తే చాలు, తాబేళ్లు పడవు, మేక పిల్లలు, పసిపిల్లలు పడే ప్రమాదమూ కొంత తగ్గుతుంది. ఇప్పటికిప్పుడు కట్టించలేకపోతే కనీసం చుట్టూ రాళ్లు అడుగు ఎత్తున సందు లేకుండా పేర్చండి. వాడకం ఆగిపోయిన బోరు గుంతలు, సెప్టిక్ ట్యాంకు కోసం తవ్వి వదిలేసిన గోతులు, స్తంభాల కోసం తీసిన గుంటలు కూడా చూసుకోండి. వాటిని మూసేయండి, లేదా ఒక వైపు మట్టి ఏటవాలుగా తోయండి.

రెండోది ప్లాస్టిక్ షీటు పరిచిన ఫారం పాండ్. కూరగాయలకు, పూలకు డ్రిప్ పెట్టుకున్నవాళ్లు ఈ మధ్య ఎక్కువగా తవ్విస్తున్నారు. నీటికి మంచిదే, కానీ తాబేళ్లకు ప్రమాదకరం. నల్ల షీటు నీటిలో నానితే జారుతుంది, గోరు నిలవదు. నీటి తాబేలు దిగి, తిరిగి ఎక్కలేక, మేత లేక నీరసించిపోతుంది. కప్పలు, పాములు, ముంగిసలు కూడా అలాగే చచ్చి తేలుతాయి. దీనికి పరిష్కారం సులువు. కొబ్బరి పీచు చాప గానీ, పాత చేపల వలను నాలుగు మడతలు వేసి గానీ, రెండడుగుల వెడల్పుతో గట్టు పైనుంచి నీటి అడుగు దాకా పరవండి. పైన మేకులకు కట్టి, కింద ఇసుక బస్తా బరువు పెట్టండి. వలైతే మడతల మధ్య కాలు చిక్కుకోకుండా అంచులు దగ్గరగా కుట్టేయండి. కుంట ప్రతి మూలలో ఒకటి ఉండాలి, ఎందుకంటే ఇరుక్కున్న జీవి గోడ పక్కనే తిరుగుతూ మూలకే చేరుతుంది. ఏటా వానలకు ముందు పీచు చివికిందేమో చూసి మార్చండి.

సిమెంటు కాలువలకూ ఇదే సూత్రం. నిటారు గోడలున్న పొడవాటి కాలువలో ఇరవై ముప్పై అడుగులకొక చోట రాళ్లు, సిమెంటు బస్తాలు పేర్చి మెట్లలా చేయండి. మదుం దగ్గర ఇనుప జాలీ ఉంటే అందులో తాబేలు చిక్కుకోలేదని నీరు వదిలే ముందు ఒకసారి చూడండి.

మూడోది కంచె. అడవి పందులకు భయపడి సోలార్ కంచె వేసుకునే తోటల్లో, అడుగు తీగ నేలకు దగ్గరగా ఉంటే తాబేలు దాన్ని తాకి బెదిరి లోపలికి ముడుచుకుంటుంది. మిగతా జంతువులు షాక్ తగలగానే పారిపోతాయి. తాబేలు అక్కడే ముడుచుకుని ఉండిపోయి, పదేపదే షాక్ తగిలి చచ్చిపోతుంది. అందుకని కింది తీగను నేలకు కనీసం పది అంగుళాల పైన ఉంచండి. నేరుగా కరెంటు లైను నుంచి తీగ లాగి పందులకు పెట్టేవాళ్లున్నారు. దానివల్ల మనుషులే చచ్చిపోతున్నారు, అది నేరం కూడా. ఎవరు సలహా ఇచ్చినా ఆ జోలికి వెళ్లొద్దు. జాలీ కంచె, ప్రహరీ గోడ అయితే యాభై అడుగులకొకటి చొప్పున నేలను ఆనుకుని అడుగు వెడల్పు, ముప్పావు అడుగు ఎత్తు ఉన్న సందులు వదలండి. లేఅవుట్లు పెరిగిన మన వైపు ఈ సందులే తాబేలు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు వెళ్లడానికి మిగిలిన దారి.

నాలుగో అడుగు: తిండి, నీడ, నీరు

గట్టు శుభ్రంగా ఉంటే పొలం అందంగా ఉంటుందని మనలో చాలామందికి పట్టింపు. ఒక వైపు గట్టు మాత్రం అలా చేయకండి. ఐదారడుగుల వెడల్పున ఒక పట్టీని ముట్టుకోకుండా వదిలేయండి. అందులో రేగు, బలుసు, తంగేడు, నాగజెముడు లాంటివి వాటంతట అవే పెరుగుతాయి. గరిక, గలిజేరు అల్లుకుంటాయి. రాలిన రేగుపళ్లు, పూలు, లేత గడ్డి మెట్ట తాబేలుకు మేత. దాని కింద నీడ, చల్లదనం, దాక్కునే చోటు. ఆ పట్టీ కొండవైపు గానీ గెడ్డవైపు గానీ ఉంటే ఇంకా మేలు. కంబాలకొండ అంచు ఊళ్లలో అయితే అడవికీ పొలానికీ మధ్య అది సహజమైన కంచెగా కూడా పనికొస్తుంది.

మేత మనం వేయక్కర్లేదు. పాలు, అన్నం, బ్రెడ్, బిస్కెట్లు ఎంతమాత్రం పెట్టకండి. అలవాటు పడ్డ తాబేలు మనుషుల దగ్గరకు వస్తుంది, అప్పుడు దాన్ని ఎవరైనా సంచిలో వేసుకుని పోగలరు.

ఏప్రిల్, మే నెలల్లో నీరు మాత్రం పెట్టొచ్చు. నేలలోకి దింపిన మట్టి పళ్లెం, నీటి లోతు రెండంగుళాలు మించకుండా, అంచు నేలతో సమంగా ఉండాలి. రోజూ మార్చాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. కుక్కలు తిరిగే చోట కాకుండా పొదల నీడలో పెట్టండి.

ఐదో అడుగు: కుంట, చెరువు

షీటు లేని మట్టి కుంట ఉంటే అది మీ పొలంలో అన్నిటికంటే విలువైన చోటు. ఒక గట్టునైనా ఏటవాలుగా ఉంచండి. ఆ వైపు తుంగ, తామర ఉంటే పీకేయకండి. నీటిలోకి సగం మునిగేలా ఒక పాత తాటి దుంగ వేయండి. నల్ల తాబేళ్లు ఎండ కాగడానికి వస్తాయి. కొద్ది రోజుల్లోనే కొంగలూ వాలతాయి.

పూడికతీత విషయంలో కాస్త ఎక్కువ చెప్పాలి. మనం పూడిక తీసేది మే నెలలో, నీరు అడుగంటాక. ఫ్లాప్‌షెల్ తాబేళ్లు సరిగ్గా అప్పుడే ఆ బురదలో దాగి ఉంటాయి. జేసీబీ బకెట్ ఒక్క తవ్వుకు నాలుగైదింటిని చీల్చేయగలదు. అందుకని చెరువు మొత్తాన్ని ఒకే ఏడాది తవ్వొద్దు. ఈ ఏడాది సగం, వచ్చే ఏడాది సగం. తవ్వే సగంలో కూడా, మట్టి ఎత్తి పోసేచోట ఒక మనిషిని పెట్టి మట్టి పరిచి చూడమనండి. దొరికిన తాబేలును తవ్వని సగంలో, తడి బురద ఉన్నచోట పెట్టాలి. బురద మట్టిని ట్రాక్టర్లో పొలానికి తోలేటప్పుడు కూడా ఇది తప్పదు. మట్టి దిబ్బలో పడ్డ తాబేలు ఎండకు మాడిపోతుంది. పంచాయతీ చెరువైతే కాంట్రాక్టు ఇచ్చే ముందే సర్పంచితో మాట్లాడండి. పని మొదలయ్యాక మిషన్ అద్దె గంటల్లో లెక్కిస్తారు కాబట్టి ఎవరూ ఆగి చూడరు.

చేపలు వేసిన కుంటల్లో రాత్రంతా నీటిలో ఉంచే వలలు నీటి తాబేళ్లను ముంచి చంపుతాయి. వాటికి ఊపిరితిత్తులే కానీ మొప్పలు లేవు. వల వేసినవాళ్లు గంటకోసారి తీసి చూడాలి. బుట్ట వలలు వాడితే పైభాగం నీటిపైన ఉండేలా కట్టండి. పడ్డ తాబేలు తెల్లారేదాకా గాలి పీలుస్తుంది. గాలం మింగితే దారాన్ని లాగకండి, నాలుగంగుళాలు బయట ఉండేలా కత్తిరించి పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. కలుపు చేపల్ని చంపడానికి కుంటలో మందులు కలిపే అలవాటు ఉన్నవాళ్లు, దానికి బదులు వలతో పట్టించడం మేలు.

ఆరో అడుగు: పనుల వేళలు మార్చుకోండి

జీడితోటలో ఫిబ్రవరి నుంచి పిక్కలు ఏరడం మొదలవుతుంది. అంతకుముందు చెట్టు కింద ఆకులు ఊడ్చి కుప్పలు వేసి కాల్చేస్తాం. ఆ కుప్పలు తాబేళ్లు దాక్కునే చోట్లు. కాల్చకుండా ఉంటే అన్నిటికంటే మంచిది. ఆకు చెట్టు మొదట్లో మల్చింగుగా వేస్తే తేమ నిలుస్తుంది, ఎరువవుతుంది. కాల్చక తప్పదనుకుంటే ముందురోజు వేసిన కుప్పను ముట్టించకండి. అదే రోజు పొద్దున కుప్పను కొత్త చోటికి తిరగేసి, అప్పుడు ఒక వైపు నుంచే నిప్పు పెట్టండి. నాలుగు వైపులా అంటిస్తే పారిపోయే దారి ఉండదు.

తుఫాను వచ్చిపోయాక ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు జీడి, మామిడి, సరుగుడు తోటలు నేలకూలాయి. అలాంటప్పుడు కొమ్మల కుప్పలు వారాల తరబడి పడి ఉంటాయి, వరదకు కొట్టుకొచ్చిన తాబేళ్లు, పాములు వాటిలో చేరతాయి. కుప్పను చేత్తో కదపకుండా పొడవాటి కర్రతో తిప్పి చూడండి.

తొలకరి వానలకు మెట్ట తాబేళ్లు చురుగ్గా తిరుగుతాయి, జత కడతాయి. ఏరువాక కూడా అప్పుడే. ట్రాక్టరు దిగేముందు చాలు వెంట ఒక మనిషి ముందుగా నడవాలి. దున్నడం పొలం మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి వస్తే, లోపలున్న జీవులు గట్టుకు చేరే వీలుంటుంది. బయటినుంచి లోపలికి దున్నితే అన్నీ మధ్యలో చిక్కుకుంటాయి. గడ్డి కోసే మిషన్‌కూ ఇదే పద్ధతి. బ్లేడు నాలుగంగుళాల ఎత్తులో పెట్టి కోయండి, మధ్యాహ్నం ఎండలో కోయండి. ఆ వేళకు మెట్ట తాబేళ్లు పొదల్లోకి వెళ్లిపోతాయి, అవి తిరిగేది పొద్దున, సాయంత్రం.

కలుపు మందులు వదిలేసిన గట్టు పట్టీ మీద పడనివ్వకండి. మందు పడ్డ గడ్డిని తాబేలు తింటుంది. నత్తల గుళికలు వేస్తే చచ్చిన నత్తల్ని తిన్న నీటి తాబేలుకూ ప్రమాదం. నిజానికి వరిలో నత్తల్ని తగ్గించే పని అదే చేసిపెడుతుంది.

కాపలా కుక్క ఉంటే రాత్రి పూట వదిలేయకండి. కుక్క పళ్లకు పిల్ల తాబేలు డిప్ప ఆగదు.

ఏడో అడుగు: గుడ్లు కనబడితే

ఆడ తాబేలు వెనక కాళ్లతో నేలను తవ్వి, నాలుగైదు అంగుళాల లోతులో గుడ్లు పెట్టి, మట్టి కప్పి, పైన అదిమి వెళ్లిపోతుంది. మళ్లీ రాదు. నక్షత్ర తాబేలు ఒకసారికి సాధారణంగా రెండు నుంచి ఆరు దాకా పెడుతుంది. నేల వేడిని బట్టి, వానను బట్టి పొదగడానికి నెలలు పట్టొచ్చు. ఫ్లాప్‌షెల్ గుడ్లు ఇంకా ఎక్కువ కాలం తీసుకుంటాయి. అందుకని రెండు నెలలు చూసి పాడైపోయాయనుకుని తవ్వేయకండి.

గుడ్లను చోటు మార్చకండి. పెట్టిన కొద్ది గంటలకే లోపలి పిండం పెంకు లోపలి గోడకు అతుక్కుంటుంది. తర్వాత గుడ్డును తిప్పితే అది చచ్చిపోతుంది. దున్నేటప్పుడు పొరపాటున బయటపడితే ఏ వైపు పైకి ఉందో ఆ వైపు పెన్సిల్‌తో చుక్క పెట్టి, అదే వైపు పైకి ఉండేలా అదే గుంతలో సర్ది మట్టి కప్పండి. తర్వాత అటవీ సిబ్బందికి చెప్పండి. చుట్టూ నాలుగు కర్రలు పాతి, ఆ అడుగు నేల ఆ ఏడాదికి దున్నకుండా వదలండి. ముంగిసలు, ఉడుములు, పందులు తవ్వకుండా పైన ఇనుప జాలీ వేయొచ్చు. కానీ నేలకూ జాలీకీ మధ్య అన్ని వైపులా మూడంగుళాల సందు ఉండాలి, లేకపోతే పిల్లలు బయటికి రాలేవు. పుట్టిన పిల్ల తనే గట్టు వైపో నీటి వైపో పోతుంది. "పెద్దయ్యేదాకా టబ్బులో ఉంచి వదులుదాం" అనిపించడం సహజం. కానీ టబ్బులో ఎండ, కాల్షియం సరిగా అందక డిప్ప మెత్తబడుతుంది, లేదా గుట్టలు గుట్టలుగా వంకరపోతుంది. ఒకసారి వంకరపోయిన డిప్ప సరికాదు.

తీరం వెంబడి కొబ్బరి, సరుగుడు తోటలున్నవాళ్లకు ఒక మాట. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే సముద్ర తాబేళ్లు రాత్రివేళ మన ఇసుక తీరానికి వచ్చి ఒక్కోటి వందకు పైగా గుడ్లు పెడతాయి. తీరంలో అటవీ శాఖ హేచరీలు నడుపుతుంది, గూడు కనబడితే వాళ్లకు చెప్పాలి. ఆ నెలల్లో సముద్రం వైపు లైట్లు ఆర్పండి. పిల్లలు వెలుతురు ఉన్నవైపు నడుస్తాయి, మన బల్బు చూసి రోడ్డు మీదకొచ్చేస్తాయి. వాటిని మంచినీటి బకెట్లో మాత్రం వేయకండి.

ఎనిమిదో అడుగు: ఎదురైన తాబేలుతో ఏం చేయాలి

ఆరోగ్యంగా పొలంలో నడుస్తుంటే ఏమీ చేయకండి. చూసి ఆనందించండి, కదలకుండా ఫొటో తీసుకోండి. చోటు పేరుతో, లొకేషన్‌తో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకండి. దొంగలు అవి చూసే వస్తారు. వేసవిలో మెట్ట తాబేలును ఊరికే ఎత్తొద్దు. భయపడితే మూత్రం వదిలేస్తుంది, అది వానలు లేని కాలానికి ఒంట్లో దాచుకున్న నీరు.

రోడ్డు దాటుతుంటే ఏ వైపు వెళ్తోందో ఆ వైపుకే దాటించండి. వెనక్కి తెచ్చి పెడితే మళ్లీ రోడ్డెక్కుతుంది. రెండు చేతులతో డిప్ప మధ్యభాగం రెండు వైపులా పట్టుకుని, నేలకు దగ్గరగా ఉంచి నడవండి. ఫ్లాప్‌షెల్ మెడ చాలా పొడవు, కరుస్తుంది. దాన్ని డిప్ప వెనక భాగంలో పట్టుకోండి. తోకతో ఎత్తొద్దు. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తాబేళ్ల ఒంటిమీద సాల్మొనెల్లా ఉంటుంది, చిన్నపిల్లలకు అది విరేచనాలు తెస్తుంది.

డిప్ప పగిలితే కంగారులో ఫెవిక్విక్, ఎంసీల్ పూయకండి. లోపల మట్టి, క్రిములు ఉండగానే పైన అతుక్కుపోతే చీము పడుతుంది. డిప్ప ప్రాణం లేని పెంకు కాదు. అది వెన్నెముకతో కలిసిన ఎముక, నొప్పి తెలుస్తుంది, రక్తం కారుతుంది. సెలైన్‌తో గానీ, కాచి చల్లార్చిన నీటితో గానీ కడిగి, గాయాలకు కట్టే శుభ్రమైన పల్చటి గుడ్డ కప్పి, గాలాడే అట్టపెట్టెలో తడిలేని బట్ట మీద పెట్టండి. నీటి తాబేలైనా ఆ సమయంలో నీళ్లలో వేయొద్దు. పెట్టెను నీడలో ఉంచి అటవీ సిబ్బందికి ఫోన్ చేయండి. వాళ్లు జూలోని డాక్టర్లకు చేరుస్తారు. డిప్పకు కన్నం పెట్టి తాడు కట్టే అలవాటు కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది. పిల్లలు చేస్తుంటే అక్కడే ఆపండి, ఎందుకు వద్దో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి.

సంచితో తాబేళ్లు వెతుకుతూ తిరిగేవాళ్లు కనిపిస్తే గొడవకు దిగకండి. బండి నంబరు రాసుకుని, అటవీ ఆఫీసుకు గానీ, 112కు గానీ చెప్పండి.

తొమ్మిదో అడుగు: ఇంటిల్లిపాదీ, పాలికాపు, పక్క పొలం

ఇన్ని జాగ్రత్తలూ మీకు తెలిసి, పొలంలో రోజూ పనిచేసే పాలికాపుకు తెలియకపోతే లాభం లేదు. ట్రాక్టరు డ్రైవరుకు, గడ్డి కోసే ఆడవాళ్లకు, పిక్కలు ఏరే పిల్లలకు ముందే చెప్పండి. తాబేలు కనబడితే మీకు చెప్పినవాళ్లకు టీ ఖర్చులకు ఏదో ఇవ్వండి. అలా చేస్తే పొలంలో అందరి కళ్లూ వాటిమీద ఉంటాయి. ఈ తోటలో తాబేలును ఎవరూ వండుకోరు, అమ్మరు అన్న మాట ఊళ్లో తెలియాలి. అది గట్టిగా, మర్యాదగా చెప్పాల్సింది ఇంటి పెద్దలే. పెద్దమ్మో తాతో చెప్పిన మాట చట్టం కంటే ముందు వినబడుతుంది.

తాబేలు ఇంట్లోకొస్తే అరిష్టమని కొందరు భయపడతారు, లక్ష్మి అని కొందరు పూజ చేసి బొట్టుపెడతారు. రెండింటివల్లా దానికి ఇబ్బందే. కుంకుమ, నూనె, రంగులు డిప్పకు పూయకుండా, కొట్టి తరమకుండా మెల్లగా బయట పొదల దగ్గర పెట్టండి చాలు.

పక్క పొలాల వాళ్లతో మాట్లాడటం తప్పదు. తాబేలుకు సర్వే నంబర్లు తెలియవు. మీ గట్టు పట్టీ, వాళ్ల గట్టు పట్టీ కలిస్తేనే దానికి దారి ఏర్పడుతుంది. వాళ్లందరినీ ఒప్పించాలని చూడకుండా, ముందు నుయ్యికి గట్టు కట్టించే పని ఒక్కటి ఒప్పించండి. అందులో వాళ్లకూ లాభముంది కాబట్టి కాదనరు.

ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఒక నోటు పుస్తకం వాళ్ల చేతికివ్వండి. తేదీ, వేళ, వాన పడిందా లేదా, ఏ తాబేలు, ఎక్కడ, ఏం చేస్తోంది, ఇంతే రాయాలి. డిప్ప పైభాగం ఫొటో తీసి దాచమనండి. నక్షత్ర తాబేళ్ల చారలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు కాబట్టి, వచ్చినదే మళ్లీ వచ్చిందా, కొత్తదా అన్నది ఫొటో చూసి చెప్పేయొచ్చు. రెండు మూడేళ్లు రాస్తే మీ పొలంలో అవి ఏ నెలలో గుడ్లు పెడుతున్నాయో, ఏ గట్టు వాడుతున్నాయో తెలుస్తుంది. దాన్ని బట్టి దుక్కి తేదీ, పూడిక తీసే సగం, వదిలే పట్టీ మీరే నిర్ణయించుకోవచ్చు. ఆ పుస్తకం నకలు ఏడాదికోసారి రేంజి ఆఫీసులో ఇవ్వండి, చోటు వివరాలు మాత్రం ఇంకెవరికీ చెప్పకండి.